నీలం తాడు, పద్దెనిమిది ముళ్ళు

2022 జూలై 5న బడులు తెరిచారు. నేను తొమ్మిదికి వచ్చాను, తమ్ముడు మూడుకి. రెండో తరగతి దాకా వాడి బడి ఇంటికి నాలుగు సందుల దూరం. అమ్మ అపార్ట్‌మెంట్లలో పనికి పోతూ పోతూ వాణ్ణి గేటు లోపలికి తోసేసి వెళ్ళిపోయేది. మూడో తరగతికి వచ్చేసరికి అక్కడ వాడి తరగతే లేదు. రోడ్డవతల మా హైస్కూల్లో ఉందన్నారు.

రోడ్డంటే సందు కాదు. పదహారో నంబరు నేషనల్ హైవే. విశాఖలో మధురవాడ దాటి ఆనందపురం వైపు 222 బస్సులో ఎప్పుడైనా వెళ్ళినవాళ్ళకి తెలుస్తుంది, పొద్దున్న ఎనిమిదిన్నరకి అక్కడ లారీలు ఎలా వస్తాయో. ఆరో తరగతి నుంచి నేను దాటుతూనే ఉన్నాను కానీ, నా చెయ్యి పట్టుకుని ఎనిమిదేళ్ళవాడు దాటుతుంటే ఆ రోడ్డు ఒక్కసారిగా రెండింతలు వెడల్పయిపోయింది.

మా బడి పేరూ, మేం తిరిగిన ఆఫీసుల పేర్లూ రాయను. మావాళ్ళు ఇంకా అక్కడే చదువుతున్నారు.

జరిగింది ఏమిటంటే, ఆ జూన్‌లో జీవో 117 వచ్చింది. కిలోమీటరు లోపు హైస్కూలుంటే ప్రైమరీ బడిలోని 3, 4, 5 తరగతుల్ని అక్కడికి కలపాలి. చిన్నపిల్లలకి కూడా సబ్జెక్టు టీచర్లు పాఠం చెబుతారు, మంచిదే కదా అన్నారు. పేపర్లో దీనికి పెట్టిన పేరు "విలీనం". ఇవతల మిగిలినవి ఒకటి, రెండు తరగతులు, ఒక్క టీచరు. ముప్పై మంది లోపు పిల్లలుంటే ఒక్కరే అని లెక్కట.

మొదటి వారం ఎవరి తమ్ముణ్ణి వాళ్ళు, ఎవరి చెల్లిని వాళ్ళు దాటించుకున్నాం. రెండో వారం వానలో ఒక నాలుగో తరగతి గుంటడు డివైడరు మీద జారి, చెప్పు పోయిందని వెనక్కి ఉరికాడు. ఆర్టీసీ బస్సు డ్రైవరు బ్రేకు కొట్టాడు కాబట్టి సరిపోయింది. వాడికి ఏమీ కాలేదు. చెప్పు మాత్రం నలిగింది.

ఆ సాయంత్రం మా బెంచీలో కూర్చునే జాలారి అమ్మాయి ఒక మాట అంది. వాళ్ళ మావయ్యలది పెదజాలారిపేట. తెప్ప లాగేటప్పుడు అందరూ ఒకే తాడు పట్టుకుంటారు కదా, అలా పట్టుకుని దాటిస్తే? మర్నాడు నీలం నైలాన్ తాడు తెచ్చింది. ఉప్పు వాసన. మూరకో ముడి వేశాం. మొత్తం పద్దెనిమిది ముళ్ళు, ముడికో పిల్ల. ముందొక తొమ్మిదో తరగతి, వెనకొక పదో తరగతి. మిగిలినవాళ్ళు రెండో విడత. ముడి వదిలినవాళ్ళకి ఆ రోజు చిక్కీలో వాటా లేదు. పోలీసులు చెప్పలేదు, సార్లు చెప్పలేదు. మా అంతట మేం చేసిన మొదటి పని ఇదే.

హెడ్‌మాస్టరు గారు చూసి గాభరా పడ్డారు. "ఏదైనా అయితే ఎవరిది బాధ్యత? నా ఉద్యోగం ఊడుద్ది" అన్నారు. ఆయన భయం అబద్ధం కాదు. "మరి దాటించేదెవరు సార్?" అని మా క్లాస్ లీడరు అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. తాడు స్టాఫ్ రూములో పెట్టుకోమన్నారు, అంతే.

అర్జీ పెడదామన్న ఆలోచన అప్పుడొచ్చింది. అర్జీ అంటే "రోడ్డు ప్రమాదకరంగా ఉంది" అని రాస్తే సరిపోదని మా లెక్కల మేడమ్ అన్నారు. ఎంత దూరమో, ఎంతమందో చెప్పమన్నారు. మ్యాపులో గీత గీస్తే బడికీ బడికీ మధ్య 850 మీటర్లు. కాకి ఎగిరినట్టు లెక్కేస్తే మనది కిలోమీటరు లోపే, అందుకే కలిపేశారు. కానీ పిల్లలు కాకులు కాదు కదా. డివైడరు ఖాళీ ఉన్న చోటు దాకా నడిచి, దాటి, మళ్ళీ సర్వీసు రోడ్డులో వెనక్కి రావాలి.

కొలిచిన పద్ధతి చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. పెద్ద సైకిలు వెనక చక్రానికి ఎర్ర రిబ్బను కట్టాం. టేపుతో చక్రం చుట్టూ కొలిస్తే రెండు మీటర్ల ఏడు సెంటీమీటర్లు వచ్చింది. సైకిలు తోసుకుంటూ ప్రైమరీ బడి గేటు నుంచి మా గేటు దాకా నడిచాం. ఒకడు రిబ్బను పైకొచ్చినప్పుడల్లా అరుస్తాడు, నేను పుస్తకంలో గీతలు గీస్తాను. 640 చుట్లు. అంటే 1,325 మీటర్లు దగ్గర దగ్గర. విద్యాహక్కు చట్టం నిబంధనల్లో ఒకటి నుంచి ఐదు తరగతులకి బడి కిలోమీటరు లోపు నడక దూరంలో ఉండాలని ఉంది. 640 చుట్లు అన్న అంకె చూసినప్పుడు నాకు ఏదో కేసు గెలిచినంత సంబరం. పిచ్చి సంబరం, కానీ అబద్ధం ఎందుకు చెప్పాలి.

సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే స్పందనకి మహారాణిపేట వెళ్ళాలి. ఇంట్లో చెబితే అమ్మ కయ్యిమంది. "ఏటే నీ గోల? బడి మానేసి కలెక్టరాఫీసుకి ఎల్తావా? ఆళ్ళు నిన్ను గుర్తెట్టుకుంటే?" తాత మాత్రం నవ్వాడు. తాతది కంచరపాలెం. ఉక్కు ఫ్యాక్టరీ గొడవప్పుడు బడి ఎగ్గొట్టి ఊరేగింపుల వెనక తిరిగాడట. 1966 నవంబర్ 1న కాల్పులు జరిగిన రోజు వాళ్ళమ్మ గది బయట గొళ్ళెం పెట్టేసిందని వంద సార్లు చెప్పి ఉంటాడు. ఆ ఉద్యమం నడిపింది కుర్రాళ్ళే అని ఎంత గొప్పగా చెబుతాడో, చివర్లో అంత గట్టిగా "రోడ్డు మీద మాత్రం కూకోకండి ఓలమ్మా" అంటాడు.

కూర్చోలేదు. ఐదుగురం, తోడుగా ఆటో నడిపే మా బాబాయి. కౌంటరు దగ్గర మొదటి మాట, "మైనర్లు పెట్టకూడదు." అలా ఎక్కడుందని అడిగే ధైర్యం మాకు లేదు. బాబాయి పేరు మీద రాశాం. ఆయన సంతకం చేసి, కింద పెన్ను మాకిచ్చి "మీరూ ఎట్టండి, ఉద్యమం మీదే కదా" అన్నాడు. ఆ మాట అప్పటి వరకు మాలో ఎవరమూ వాడలేదు.

మూడు వారాలకి బాబాయి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. మీ అర్జీ పరిష్కరించబడింది. ఏం పరిష్కరించారో చూద్దామని అందరం రోడ్డు మీదికి వెళ్ళాం. లారీలు అలాగే వస్తున్నాయి.

నెలన్నర తర్వాత ఒక హోంగార్డు వచ్చాడు, పొద్దున్న పూట. రెండు బారికేడ్లు కూడా. మా అర్జీ వల్లో, ఎవరైనా పెద్దాయన కారు అక్కడ ఆగడం వల్లో తెలీదు. హోంగార్డు అన్న మంచివాడు, తాడు చివర ఆయనే పట్టుకునేవాడు. సంక్రాంతి సెలవుల తర్వాత ఆయన్ని ఇంకెక్కడో వేశారు.

ఇక్కడితో ఆగిపోతే ఇది రోడ్డు కథ అయ్యేది.

మలుపు ఎక్కడంటే సంతకాల దగ్గర. రెండోసారి అర్జీ పెట్టేటప్పుడు ఎక్కువ సంతకాలు కావాలని చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లకి కూడా వెళ్ళాం. అమ్మ పనిచేసే బ్లాకు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, లిఫ్టు పక్క మెట్ల దారి మాది. మూడో అంతస్తు ఆంటీ తలుపు తీసి కాయితం మొత్తం చదివారు. నిజంగా చదివారు. "పాపం, చిన్నపిల్లలు" అన్నారు. తర్వాత, "కానీ మా పిల్లలు ఆ బడికి రారు కదమ్మా, మేం సంతకం పెడితే బావుంటుందా?" అన్నారు. మంచినీళ్ళు ఇచ్చారు, చల్లటివి. కోపగించుకోవడానికి ఏమీ లేదు. అదే కష్టంగా ఉంది.

ఆ బ్లాకులో సంతకం పెట్టింది ఒక్క రిటైరైన తాతగారు. తను జిల్లా పరిషత్ బడిలోనే చదివానని, తన పక్కన కరణం గారబ్బాయీ, పాలేరు కొడుకూ కూర్చునేవారని చెప్పారు. "మరి మీ మనవలు?" అని మా క్లాస్ లీడరు అడిగేసింది. నేను మోచేత్తో పొడిచాను. ఆయన కాసేపు ఊరుకుని, "వాళ్ళ నాన్న ఒప్పుకోడు" అన్నారు.

దిగి వస్తుంటే ఎవరమూ మాట్లాడలేదు. మా తరగతిలో ఎవరున్నారో అప్పటి వరకు నేనెప్పుడూ లెక్కేసి చూడలేదు. పనికెళ్ళే అమ్మలు, ఆటోలు, తాపీ, చేపల గంప. శ్రీకాకుళం వలస, ఒడిశా వలస. ఎక్కువమంది ఎస్సీలు, బీసీలు. గోడకి అవతల ఉన్న పది అంతస్తుల నుంచి ఒక్క పిల్ల లేదు. కాలనీలోంచి కూడా, చేతిలో కాస్త డబ్బు ఆడిన ఇంటి పిల్లలు ఆ ఏడాది పసుపు వ్యాను ఎక్కేశారు. హైవే దాటించడం కన్నా ఇంటి ముందుకొచ్చే వ్యాను నయం కదా. పిల్లల్ని బడికి పంపే తల్లుల ఖాతాలో ప్రభుత్వం వేసే అమ్మఒడి ఆ జూన్‌లో 13,000 పడింది, ప్రైవేటు బడిలో చదివినా పడేది. చాలామందికి అదే మొదటి టర్మ్ ఫీజు.

ఎంతమంది పోయారో తెలుసుకోవాలనిపించింది. హెడ్‌మాస్టరు గారిని అడిగితే "మీకెందుకమ్మా ఆ లెక్కలు" అన్నారు. సమాచార హక్కు (ఆర్టీఐ) కింద పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి దరఖాస్తు పెట్టాం. ఆ చట్టంలో పౌరులు అడగొచ్చని ఉంది, పద్దెనిమిదేళ్ళు నిండాలని లేదు. ఈసారి చూసుకునే వెళ్ళాం, నా పేరు మీదే పెట్టాను. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాలేదు. మొదటి అప్పీలు రాశాను. అప్పుడొచ్చింది, ఒకటే కాయితం, సగం ముద్ర పడనిది. విలీనమైన మూడు తరగతుల నుంచి ఆ ఏడాది ఇచ్చిన టీసీలు 29.

ఆ కాయితం సోషల్ సారుకి చూపించాను. సారు దాన్ని పక్కన పెట్టి వేరే కథ మొదలుపెట్టారు, ఆయన అలవాటే అది. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం, ఫార్మ్‌విల్ అనే చిన్న ఊరు. నల్లపిల్లలకి వేరే హైస్కూలు, పేరు మోటన్. 180 మంది కోసం కట్టిన దాంట్లో 400 మందికి పైగా. చోటు చాలక తారు కాగితం కప్పిన షెడ్లు వేశారు, వానొస్తే లోపల గొడుగు పట్టుకోవాలి. 1951 ఏప్రిల్ 23న బార్బరా జాన్స్ అనే పదహారేళ్ళ అమ్మాయి, ప్రిన్సిపాల్ బడిలో లేకుండా ఒక దొంగ ఫోన్ కాల్‌తో బయటికి పంపించి, పిల్లలందర్నీ హాల్లోకి పిలిచి సమ్మె అంది. అందరూ లేచి వెళ్ళిపోయారు. దొంగ ఫోన్ కాల్ దగ్గర మా వెనక బెంచీ మొత్తం చప్పట్లు. హెడ్‌మాస్టరు గారు వరండాలో ఉన్నారని సారు సైగ చేశారు.

కానీ సారు చెప్పదలచుకుంది అది కాదు. ఆ పిల్లలు అడిగింది మంచి బిల్డింగు. సాయానికొచ్చిన లాయర్లు ఒక షరతు పెట్టారు. తెల్లపిల్లలకున్న లాంటి బిల్డింగు మాకూ కట్టండి అంటే మేం కేసు వెయ్యం, అందరూ ఒకే బడిలో చదవాలని అడిగితే వేస్తాం. పిల్లలూ, వాళ్ళ అమ్మానాన్నలూ ఆలోచించుకుని సరే అన్నారు. 117 మంది విద్యార్థుల పేరు మీద కేసు పడింది.

"ఎంత సార్?"

"నూట పదిహేడు." సారు కూడా నవ్వేశారు. కాకతాళీయమే, అయినా ఆ అంకె విన్నాక తరగతిలో అల్లరి ఆగడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఆ కేసు తర్వాత బ్రౌన్ కేసులో కలిసింది, తెల్లపిల్లలకీ నల్లపిల్లలకీ వేరు వేరు బడులు చెల్లవని 1954 మే 17న తీర్పు వచ్చింది. తీర్పొచ్చినా ఆ కౌంటీవాళ్ళు కలిసి చదివించడం ఇష్టం లేక 1959లో ప్రభుత్వ బడులే మూసేశారు. ఐదేళ్ళు. 1964 దాకా తెరవలేదు.

మేం వాళ్ళలాంటి వాళ్ళం అని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. మమ్మల్ని వేరే బడికి పొమ్మని చట్టం చెప్పలేదు. మా బిల్డింగు కూడా బానే ఉంది, ప్రభుత్వ బడులు బాగుచేసే నాడు-నేడు పథకంలో రంగులు, ఫ్యాన్లు, నీళ్ళొచ్చే బాత్రూములు వచ్చాయి. ఫార్మ్‌విల్ పిల్లలు మొదట అడిగింది మాకు అడక్కుండానే దొరికింది. అయినా పక్క అపార్ట్‌మెంటు పిల్ల నా బెంచీలో లేదు. మమ్మల్ని రోడ్డవతలికి కలిపి దానికి విలీనం అని పేరు పెట్టారు. ఉన్నవాళ్ళతో ఉన్నవాళ్ళని కలిపితే అది విలీనం ఎలా అవుతుందని ఆ రోజు నా నోట్సు అట్ట వెనక రాసుకున్నాను.

2023లో మా జట్టు చీలింది. ఆ వేసవిలో ప్రైవేటు బడుల ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేదపిల్లలకి అన్నారు. విద్యాహక్కు చట్టంలో (ఆర్టీఈ) అది 2009 నుంచీ ఉంది, మన దగ్గర నడక మాత్రం చాలా ఆలస్యంగా మొదలైంది. వార్డు సచివాలయంలో దరఖాస్తు, కిలోమీటరు లోపు ఉన్నవాళ్ళకి ముందు, తర్వాత లాటరీ. కాలనీలో ఎవరికీ ఆ ఫారం ఎలా నింపాలో తెలీదు. నింపిపెడదామని సగం మందిమి అన్నాం. మిగతా సగం, "మన బడి ఖాళీ చెయ్యడానికి మనమే ఫారాలు నింపుతామా?" అన్నారు. తాడు తెచ్చిన జాలారి అమ్మాయి ఆ రెండో సగం. నాతో పది రోజులు మాట్లాడలేదు.

మేం నింపినవాటిలో మా పక్కింటి పాపకి సీటొచ్చింది. పట్టణంలో ఏడాదికి 8,000 అని ప్రభుత్వం ఖరారు చేసిన ఫీజు, అది కూడా అమ్మఒడి డబ్బుల్లోంచే కట్టుకోవాల్సి వచ్చింది. పుస్తకాలు, యూనిఫాం, వ్యాను వేరే. వాళ్ళమ్మ చెవి రింగులు తాకట్టు పెట్టింది. ఆ బడిలో ఆ పాపకి పేరుండేది కాదు, "ఆర్టీఈ పాప". ఫోటోల రోజు ఆఖరి వరసలో నిలబెట్టారు. ఇవన్నీ విన్నాక జాలారి అమ్మాయి "చెప్పానా?" అంది. కానీ అదే పాప అపార్ట్‌మెంటు పిల్ల పుట్టినరోజుకి వెళ్ళింది, ముందు తలుపులోంచి, లిఫ్టులో. ఆ ఇంటికి మా అమ్మ రోజూ మెట్లెక్కి వెళ్తుంది. ఏది గెలుపో, ఏది ఓటమో ఇప్పటికీ నాకు తేలలేదు. వాళ్ళమ్మని మాత్రం తప్పు పట్టబుద్ధి కాదు.

పదో తరగతిలో అన్నీ ఆగిపోయాయి. ఒక విద్యార్థి సంఘం అన్నలు జెండాలతో వస్తామన్నారు, వద్దన్నాం, ఆ తర్వాత అప్పుడప్పుడు ఒప్పుకోవాల్సిందేమో అనిపించింది. తాడు ఎనిమిదో తరగతి వాళ్ళకి అప్పజెప్పాం. ముళ్ళు పద్దెనిమిదే ఉన్నా పట్టుకునేవాళ్ళు పదమూడుకి తగ్గారు.

మళ్ళీ కదిలింది అమ్మ వల్ల. 2024 ఆగస్టు 8న స్కూల్ కమిటీ ఎన్నికలు జరిగాయి. తరగతికి ముగ్గురు తల్లిదండ్రులు, అందులో ఆడవాళ్ళు ఉండి తీరాలి. తమ్ముడి ఐదో తరగతి నుంచి అమ్మ పేరు ఎవరో చెప్పారు. చేతులెత్తించారు, అమ్మ నెగ్గేసింది. "నాకు సంతకం తప్ప రాదు" అని ఇంటికొచ్చి ఏడ్చింది. మర్నాడు నా ఆర్టీఐ కాయితం అడిగి తీసుకుని పోపుడబ్బా వెనక దాచుకుంది. డిసెంబర్ 7న మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగితే, అందరూ భోజనం గురించి మాట్లాడుతున్నప్పుడు అమ్మ ఆ కాయితం తీసి, "ఇరవై తొమ్మిది మంది ఏటయ్యారు సార్?" అంది. హాలు నిశ్శబ్దమైపోయిందని రాస్తే అబద్ధం, మైకు కీచుమంటోంది. కానీ హెడ్‌మాస్టరు గారు లేచి, ఆ పిల్లల ఇళ్ళకి టీచర్లు వెళ్తారని మైకులో అన్నారు. వెళ్ళారు కూడా. నలుగురు తిరిగొచ్చారు.

2025లో జీవో 117 రద్దు చేశారు. ఆ జూన్‌లో మా ఇవతల బడిలో మూడు, నాలుగు, ఐదు మళ్ళీ తెరిచారు. సరిగ్గా అప్పుడే తమ్ముడు ఆరో తరగతికి వచ్చాడు. ఇప్పుడు వాడు దాటడం న్యాయమే, హైస్కూలు కదా. తాడు అక్కర్లేదని చెయ్యి విదిలించుకుని మరీ దాటుతున్నాడు.

బడి తెరిచే ముందు వారం కమిటీవాళ్ళు పిల్లల్ని చేర్పించమని ఇల్లిల్లూ తిరిగారు. కాలనీ అయిపోయాక మిగిలినవాళ్ళు ఆగిపోయారు. అమ్మ ఆగలేదు. అపార్ట్‌మెంటుకి నన్నూ తీసుకెళ్ళింది. ఉతికిన చీర కట్టింది, కరపత్రాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది, లిఫ్టు నొక్కమంది. మూడో అంతస్తు ఆంటీ తలుపు తీసి, "ఇవాళ ఈ టైంలో వచ్చావేంటి? చీపురు బాల్కనీలో ఉంది" అన్నారు. అమ్మ కరపత్రం ఇచ్చింది. "పనికి రాలేదమ్మగారూ. మా బడిలో మూడో తరగతి తెరిచేరు. మీ చిన్నబాబుది మూడే గదా, సెప్దామని వచ్చేను."

ఆంటీ కరపత్రం చదివారు. ఈసారి కూడా నిజంగానే చదివారు. "చూద్దాంలే" అన్నారు.

మర్నాడు ఆరున్నరకి అమ్మ అదే ఇంటికి గిన్నెలు తోమడానికి వెళ్ళింది. కరపత్రం ఫ్రిజ్ మీద ఉందంట. పారెయ్యలేదు.